ఎడారి అఖాతం ఒడ్డున టెంట్ వేయాలంటే: బయల్దేరే ముందు నుంచి తిరిగొచ్చే దాకా

"ఏ టెంట్ కొనాలి?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. టెంట్ సంగతి చివర్లో చూద్దాం. ఎడారి నేరుగా సముద్రంలోకి దిగే చోట మనిషిని ఇబ్బంది పెట్టేవి నాలుగు: తాగడానికి చుక్క నీరు దొరకదు, నీడనిచ్చే చెట్టు ఉండదు, గాలి రాత్రికి దిశ మార్చుకుంటుంది, సముద్రం మీరు పడుకున్నాక ముందుకొస్తుంది. ఈ నాలుగూ సర్దుకుంటే మామూలు టెంట్ చాలు. ఇవి సర్దుకోకపోతే ఎంత ఖరీదైన టెంటూ కాపాడదు.

దగ్గరి ఊరు గంటల దూరంలో ఉండి, ఫోన్ సిగ్నల్ లేక, చివరి కొన్ని కిలోమీటర్లు ఇసుకలోనో రాళ్లలోనో నడిచే దారి ఉన్న చోటును దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒడ్డు దాకా తారు రోడ్డు ఉంటే దీంట్లో సగం మీకు అక్కర్లేదు.

1. తేదీ ఎంచుకోవడం

ముందు కాలం చూడండి, తర్వాత చంద్రుణ్ని చూడండి.

ఒక్కో ఎడారి తీరానికి ఒక్కో చెడ్డ కాలం ఉంటుంది. ఒమాన్ అరేబియా సముద్రం వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం పోటెత్తి ఉంటుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో వేసవి చివర తుఫాన్ల భయం, చలికాలంలో రోజుల తరబడి వీచే ఉత్తరపు గాలి. నమీబియా తీరంలో చల్లటి బెంగ్వెలా ప్రవాహం వల్ల పొగమంచు కమ్ముకుంటుంది, ఎడారే కదా అని పల్చటి బట్టలతో వెళ్తే వణికిపోతారు. మీరు వెళ్లే చోట గాలి ఏ నెలల్లో ఎటు నుంచి వస్తుందో తెలుసుకోకుండా తేదీ ఖాయం చేయకండి.

ఇక చంద్రుడు. పున్నమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజుల్లో పోటు అన్నిటికన్నా ఎత్తుగా వస్తుంది. అష్టమి రోజుల్లో ఆటుకీ పోటుకీ తేడా తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు అష్టమి దగ్గరి రోజులు పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు, దాదాపు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. అంటే ప్రతి రోజూ ముందటి రోజుకన్నా ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ సాయంత్రం 6 గంటలకు వచ్చిన నీరు చూసి "ఇంతే కదా" అనుకోకూడదు. మళ్లీ ఉదయం ఆరున్నర ప్రాంతంలో వచ్చేది ఇంకాస్త ఎత్తుగా రావచ్చు, ఎందుకంటే ఒకే రోజులో వచ్చే రెండు పోట్లు సమానంగా ఉండాలని లేదు.

ఎంత ఎత్తు అన్నది అఖాతం ఆకారాన్ని బట్టి మారుతుంది. బాహాకు తూర్పున ఉన్న కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన, శాన్ ఫెలిపె ఊరి దగ్గర, పెద్ద పోట్ల రోజుల్లో తేడా 6 మీటర్లు దాటుతుంది. అదే సింధుశాఖ దక్షిణాన చాలా తక్కువ. కాబట్టి పక్క ఊరి ఆటుపోట్ల పట్టిక పనికిరాదు, మీరు దిగే చోటుకు దగ్గరి రేవు పట్టిక తీసుకుని కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఒక్కటే ఉంచుకుంటే చార్జింగ్‌తో పాటు అదీ పోతుంది.

2. అనుమతి, సమాచారం

- ఆ తీరం రక్షిత ప్రాంతమా, రాత్రి ఉండనిస్తారా, మంట వేయనిస్తారా అని ముందే కనుక్కోండి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల్లో చాలాచోట్ల రాత్రి ప్రవేశం ఉండదు.
- సరిహద్దు దగ్గరి తీరాలు, పాత యుద్ధ ప్రాంతాలు అయితే తప్పకుండా అడగండి. ఈజిప్టు ఎర్ర సముద్ర తీరంలో కొన్ని చోట్ల పాత మందుపాతరలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట గుర్తు పెట్టిన దారి తప్పి ఒక్క అడుగు కూడా వేయొద్దు.
- నమ్మకమైన ఒకరికి మీ దారి, దిగే చోటు, బండి వివరాలు, తిరిగొచ్చే సమయం రాసివ్వండి. ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులోనే ఉండాలి. "ఆదివారం వస్తాం" అంటే సరిపోదు, "ఆదివారం రాత్రి 9 దాకా కబురు లేకపోతే ఈ నంబరుకు చేయి" అని ఉండాలి.
- శాటిలైట్ మెసెంజర్ (ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం) అద్దెకైనా తీసుకోండి. ఇంటి దగ్గర ఒకసారి మెసేజ్ పంపి చూశాకే సర్దండి.

3. నీళ్ల లెక్క

మనిషికి రోజుకు తాగడానికి, వంటకు కలిపి 5 లీటర్లు పెట్టుకోండి. ఎండ గట్టిగా ఉంటే 6. మొహం, చేతులు, ఉప్పు కడుక్కోవడానికి విడిగా 1 లీటరు. దీని మీద రెండు రోజుల నిల్వ, బండి కూరుకుపోతేనో దారి మూసుకుపోతేనో అన్నట్టు.

ఇద్దరు, మూడు రాత్రులు, అంటే నాలుగు పగళ్లు. 2 × 4 × 5 = 40 లీటర్లు. నిల్వ 2 × 2 × 5 = 20. కడుక్కోవడానికి 8. మొత్తం 68 లీటర్లు, అంటే 68 కిలోల బరువు, డబ్బాల బరువు కాకుండా. ఈ అంకె చూసి చాలామంది కోసేస్తారు. కోయాల్సి వస్తే కుర్చీలు, ఐస్‌బాక్స్, రెండో స్టవ్ కోయండి, నీళ్ల జోలికి పోకండి.

నీళ్లు ఒకే పెద్ద డ్రమ్ములో వద్దు. అది పగిలితే యాత్ర అక్కడితో అయిపోయినట్టే. 10 లీటర్ల క్యాన్లు ఏడు తీసుకుని, నింపి, ఒక రాత్రి బోర్లా పడుకోబెట్టి చూడండి, మూత దగ్గర కారేది అప్పుడే బయటపడుతుంది. నిల్వ క్యాన్లకు టేపు చుట్టి, రంగు గుర్తు పెట్టి పక్కన పెట్టేయండి. ఆఖరి రోజు దాకా వాటిని తెరవకూడదు.

సముద్రపు నీరు గిన్నెలు తోమడానికి బాగుంటుంది, చివర మంచినీళ్లు కొద్దిగా తిప్పితే చాలు. తాగడానికి మాత్రం ఒక్క గుక్క కూడా వద్దు. అందులో దాదాపు 3.5 శాతం ఉప్పు ఉంటుంది, దాన్ని బయటికి పంపడానికి మన మూత్రపిండాలు తాగినదానికన్నా ఎక్కువ నీరు ఖర్చు పెడతాయి. మ్యాపులో కనిపించే ఊటల మీద కూడా లెక్క వేసుకోకండి.

4. సామాన్లు

మామూలు క్యాంపింగ్ జాబితా అందరికీ తెలిసిందే. ఇవి మాత్రం ఎక్కువమంది మర్చిపోయేవి:

- నీడకు తెల్లటి లేదా వెండిరంగు టార్పాలిన్, కనీసం 3 × 4 మీటర్లు, గట్టి కర్రలు, అదనపు తాడు
- టెంట్‌ను ఇసుకలో నిలబెట్టడానికి 8 నుంచి 10 ఖాళీ గుడ్డ సంచులు
- పొడవాటి పార (మడిచే చిన్న పార పనికిరాదు)
- టైర్ల గాలి కొలిచే గేజ్, బండి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు
- ఇసుకలో చక్రాల కింద వేసే ట్రాక్షన్ బోర్డులు రెండు
- అడుగు మందంగా ఉన్న బూట్లు, నీటిలో దిగడానికి విడి చెప్పులు
- ఎర్ర లైటు ఉన్న తలకు కట్టే టార్చి
- ఉప్పు, చక్కెర లేదా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- మలం మూటగట్టి తెచ్చుకునే సంచులు, మూత బిగుసుకునే డబ్బా
- నిండు చేతుల చొక్కాలు, మెడ కప్పే టోపీ, రాత్రికి ఉన్ని బట్ట
- పట్టకారు, వేడినీళ్లు పట్టే పెద్ద గిన్నె (ఎందుకో 9వ అంశంలో)

5. చివరి కొన్ని కిలోమీటర్లు

గట్టి దారి అయిపోయే చోట ఆగండి. ఇసుకలో ఇరుక్కున్నాక గాలి తీయడం కాదు, ఇరుక్కోక ముందే తీయాలి. మామూలుగా 35 పీఎస్‌ఐ ఉండే టైర్లను 18 దాకా దించండి. అప్పుడు టైరు చదునై ఎక్కువ మేర ఇసుకను పట్టుకుంటుంది. మరీ మెత్తగా ఉంటే 15. ఇంకా దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడి వచ్చే ప్రమాదం ఉంది. ఆ గాలితో వేగం 30 దాటకండి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకండి. మళ్లీ తారు ఎక్కే ముందు గాలి నింపాల్సిందే.

అంతకుముందు పడ్డ చక్రాల జాడల్లోనే వెళ్లండి. కొత్త జాడ వేస్తే ఎడారి నేల మీద అది ఏళ్ల తరబడి చెరగదు. అనుమానం ఉన్న చోట దిగి నడవండి: మీ మడమ లోతుగా దిగబడితే బండీ దిగబడుతుంది.

తడి ఇసుక గట్టిగా కనిపిస్తుంది కదా అని నీళ్ల అంచున నడపడం పెద్ద పొరపాటు. పైన పెచ్చు గట్టిగా, కింద బురదగా ఉండే చోట్లు అక్కడే ఉంటాయి. అక్కడ ఇరుక్కుంటే పోటు రావడానికి ఎంత టైముందో అంతలోపే బయటపడాలి.

ఇరుక్కుంటే ఈ వరస పాటించండి: యాక్సిలరేటర్ వదిలేయండి, చక్రం ఎంత తిరిగితే అంత కూరుకుపోతుంది. అందరూ దిగండి. చక్రాల ముందూ వెనకా, బండి అడుగున తగిలే ఇసుకంతా పారతో తీయండి. గాలి 18 దగ్గరే ఉంటే ఇంకో 3 పీఎస్‌ఐ తగ్గించండి. బోర్డులు చక్రాలకు ఆనించి పెట్టండి. వచ్చిన జాడలోనే వెనక్కి నెమ్మదిగా రండి. బోర్డుకు సూటిగా ఎవరూ నిలబడొద్దు, అవి ఎగిరి కొడతాయి.

6. చోటు ఎంచుకోవడం

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే మిగతా తప్పులు చాలావరకు సర్దుకోవచ్చు. అందుకే చీకటి పడటానికి కనీసం మూడు గంటల ముందు చేరండి. బండి దిగగానే సామాను దింపకండి. నీళ్ల సీసా పట్టుకుని ఒడ్డంతా ఒకసారి నడిచి రండి.

ముందు నాచు గీతలు చూడండి. నీరు వెనక్కి వెళ్లేటప్పుడు ఎండు నాచు, గవ్వలు, ప్లాస్టిక్ ఒక వరసలో వదిలేస్తుంది. తడిగా ఉన్నది నేటి పోటు. దాని పైన ఎండినది మొన్నటి పెద్ద పోటు. ఇంకా పైన తెల్లబడిన కర్రలు, వెలిసిన సీసాలు ఉన్న గీత తుఫానుది. టెంట్ కనీసం రెండో గీత కన్నా బాగా పైన ఉండాలి, పున్నమికో అమావాస్యకో వెళ్తే మూడో గీత పైకే వెళ్లండి.

ఇక్కడ దూరం కన్నా ఎత్తు ముఖ్యం. చదునైన ఒడ్డు 20 మీటర్లకు ఒక మీటరు వాలుతో ఉందనుకోండి, నీరు కేవలం 30 సెంటీమీటర్లు ఎక్కువ లేస్తే అది 6 మీటర్లు లోపలికి వస్తుంది. సముద్రం వైపు నుంచి గాలి బలంగా వీస్తుంటే ఇంకా ముందుకొస్తుంది.

రెండోది, ఎండు వాగు. కొండల మధ్య నుంచి ఒడ్డుకు వచ్చే వాగు నోరు చూడటానికి అద్భుతంగా ఉంటుంది: చదునైన ఇసుక, రెండు వైపులా గట్లు, గాలి తక్కువ. అక్కడ టెంట్ వేయాలనిపించడం సహజం, వేయకండి. ఎక్కడో కొండల మీద వాన పడితే మీ తల మీద మబ్బు తునక లేకపోయినా నీరు వచ్చేస్తుంది. ఎండిపోయి పగిలిన బురద, పొదలకు చిక్కుకున్న గడ్డి, ఒకే వైపు వాలిన కొమ్మలు, నునుపైన గులకరాళ్లు కనిపిస్తే అది వాగు దారే.

మూడోది గాలి, ఇది అందరినీ మోసం చేస్తుంది. పగలు నేల వేడెక్కి సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది. సాయంత్రం ఆగిపోతుంది. ఆ ప్రశాంతత చూసి తాళ్లు వదులుగా కట్టి పడుకుంటారు. వెనక కొండలుంటే రాత్రి చల్లబడిన గాలి లోయల గుండా కిందికి దూసుకొచ్చి, ఈసారి నేల వైపు నుంచి కొడుతుంది. బాహా కాలిఫోర్నియాలో బహియా దె లోస్ ఆంహెలెస్ అఖాతం ఇలా రాత్రిపూట లేచే పడమటి గాలికి పేరుపడింది. కాబట్టి లోయ నోటికి సూటిగా టెంట్ వద్దు, పక్కకు జరగండి. టెంట్ ఇరుకు వైపు కొండల దిక్కున పెట్టి, తలుపు దానికి అడ్డంగా ఉండేలా చూసుకోండి.

చోటు ఖాయం చేసే ముందు:

- పాత నాచు గీత కన్నా ఎత్తులో ఉన్నామా?
- వాగు దారిలో లేం కదా?
- పైన రాళ్లు రాలే కొండచరియ లేదు కదా? (కింద కొత్తగా పగిలిన ముక్కలుంటే జరగండి)
- చీమల పుట్టలు, కన్నాలు, తాబేలు పాకిన జాడలు లేవు కదా?
- రాత్రి పోటు వచ్చినా బండి బయటికి వెళ్లే దారి పొడిగా ఉంటుందా?

చివరి ప్రశ్న ఎవరూ వేసుకోరు. టెంట్ ఎత్తు మీద ఉండి, బండి దారి మాత్రం మునిగిపోయే అఖాతాలు చాలా ఉన్నాయి.

7. ముందు నీడ, తర్వాత టెంట్

పగటి పూట టెంట్ లోపల కొలిమిలా ఉంటుంది, అది పడుకోవడానికే. పగలు బతికేది టార్పాలిన్ కింద. దాన్ని గాలి వచ్చే వైపు తక్కువ ఎత్తులో, అవతలి వైపు కాస్త ఎత్తులో కట్టండి, కింద గాలి ఆడేలా ఉండాలి. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి బెత్తెడు ఎడంతో కడితే కింద చల్లదనం తేడా వెంటనే తెలుస్తుంది.

మామూలు మేకులు పొడి ఇసుకలో నిలవవు. ఇలా చేయండి:

- గుడ్డ సంచిలో ఇసుక నింపి మూతి కట్టండి, టెంట్ తాడు సంచి నడుముకు కట్టండి.
- తాడుకు అడ్డంగా 40 నుంచి 50 సెంటీమీటర్ల లోతు గుంత తీసి సంచిని పడుకోబెట్టండి.
- తాడు బయటికి వచ్చే వైపు సన్నగా గాడి తీయండి, లేకపోతే తాడు సంచిని పైకి లాగుతుంది.
- పూడ్చి, సముద్రపు నీళ్లు పోసి, కాళ్లతో గట్టిగా తొక్కండి.

నాలుగు మూలలకే కాదు, మధ్య తాళ్లకూ ఇదే. సాయంత్రం గాలి లేకపోయినా అన్నీ బిగించాకే వంట మొదలుపెట్టండి. ఒక తాడు బండికి కడితే స్టీరింగ్‌కు ఒక రంగు గుడ్డ కట్టండి, పొద్దున మర్చిపోయి బండి కదిపితే టెంట్ చిరుగుతుంది.

టెంట్ గోడలు మొత్తం వలతో ఉంటే గాలి బాగా వస్తుంది, సన్నటి దుమ్మూ వస్తుంది. గాలి ఎక్కువ ఉండే చోటికి గుడ్డ గోడలున్నదే మేలు. ఇసుక జిప్పులను తినేస్తుంది, రోజూ పాత టూత్‌బ్రష్‌తో దులపండి.

8. వంట, మంట, మరుగు

గ్యాస్ స్టవ్ మీదే వండండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలో ఉప్పు నానిపోయి ఉంటుంది, దాని పొగలో హానికర రసాయనాలుంటాయి. పైగా ఎడారిలో ఆ కర్ర చిన్న జీవులకు ఇల్లు. మంట అనుమతి ఉండి వేసుకున్నా, ఆర్పేటప్పుడు ఇసుక కప్పకండి. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి, పైకి ఏమీ కనిపించదు, పొద్దున ఎవరో దాని మీద కాలేస్తారు. సముద్రపు నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, చేత్తో తాకి చూడండి.

ఆహారం, చెత్త రెండూ రాత్రికి బండిలోకి వెళ్లాలి. నక్కలు, కాకులు, పీతలు, ఏవి ముందొస్తాయో చెప్పలేం.

మలవిసర్జన సంగతి సిగ్గుపడకుండా మాట్లాడుకుందాం. ఎడారి ఇసుకలో తేమ, సూక్ష్మజీవులు తక్కువ కాబట్టి పాతిపెట్టింది త్వరగా కుళ్లదు. సంచుల్లో తెచ్చేయడమే సరైన పద్ధతి. పాతడానికి అనుమతి ఉన్న చోట అయినా 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు, నీటి అంచు నుంచీ వాగు నుంచీ టెంట్ల నుంచీ కనీసం 60 మీటర్ల దూరం. కాగితం మాత్రం పాతొద్దు, వెంట తెచ్చుకోండి.

9. నీళ్లలో దిగేటప్పుడు

అఖాతంలో అలలు తక్కువ కాబట్టి అపాయం లేదనిపిస్తుంది. అసలు అపాయం నేల వైపు నుంచి వీచే గాలి. ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది, గాలి ట్యూబులను, చిన్న కయాకులను మెల్లగా బయటి సముద్రంలోకి తోసేస్తుంది, తిరిగి రావాలంటే ఎదురుగాలి. ఆ గాలి ఉన్నప్పుడు తేలే వస్తువులేవీ నీళ్లలో దింపకండి, పిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

లోతు తక్కువ ఇసుక అడుగున టేకు చేపలు (తోకకు విషపు ముల్లు ఉండే చదునైన చేపలు) పడుకుని ఉంటాయి. అడుగు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవండి, కదలిక తెలిసి తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే:

- బయటికి వచ్చి గాయాన్ని కడగండి. పైకి కనిపించే చిన్న ముక్కలుంటే పట్టకారుతో తీయండి.
- ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 43 నుంచి 45 డిగ్రీలు, 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచండి. ఆ విషం వేడికి బలం కోల్పోతుంది. నీళ్ల వేడిని దెబ్బ తగలని కాలితో చూసుకోండి, నొప్పిలో చర్మం కాలేది తెలియదు.
- ముల్లు లోతుగా దిగినా, ఛాతీకో పొట్టకో తగిలినా లాగకండి, కదలకుండా కట్టి ఆసుపత్రికి బయల్దేరండి.

10. ఎండదెబ్బను ముందే పట్టుకోవడం

ఉదయం 11 నుంచి 4 దాకా నీడలోనే ఉండండి. పనులన్నీ పొద్దున, సాయంత్రం పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగండి, వట్టి నీళ్లే కాక ఉప్పు కూడా లోపలికి వెళ్లాలి. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు నీళ్లలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే మీరు వెనకబడ్డట్టే.

తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, నీరసం: నీడ, నీళ్లు, విశ్రాంతి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా అది వడదెబ్బ, ప్రాణాపాయం. బట్టలు వదులు చేసి ఒళ్లంతా సముద్రపు నీళ్లు పోస్తూ విసరండి, సహాయం పిలవండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

11. రాత్రి

- వట్టి కాళ్లతో అడుగు వేయొద్దు. బూట్లు దులిపి తొడుక్కోండి. అతినీలలోహిత టార్చి ఉంటే తేళ్లు దాని వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తాయి, పడుకునే ముందు టెంట్ చుట్టూ ఒకసారి చూడండి.
- తాబేళ్ల తీరమైతే తెల్ల లైట్లు ఆపేయండి. తల్లి తాబేలు వెలుగు చూసి వెనక్కి మళ్లుతుంది, పిల్లలు సముద్రం అనుకుని వెలుగు వైపు పాకుతాయి. పగలు తవ్విన గుంతలన్నీ పూడ్చండి.
- బండి తాళం, బూట్లు, టార్చి, నీళ్లు తల దగ్గర, ఎప్పుడూ ఒకే చోట.
- గాలి లేచి టెంట్ నేలకు వాలుతుంటే కర్రలు తీసి పడుకోబెట్టి, దాని మీద బరువు పెట్టి బండిలోకి వెళ్లిపోండి. పట్టుకుని కూర్చుంటే కర్రలు విరుగుతాయి.

తెల్లారేసరికి ఎడారిలో కూడా టెంట్ మంచుకు తడిసి ఉండొచ్చు. బట్టలు బయట ఆరేసి వదిలేయకండి.

12. బయల్దేరే రోజు

పోటు పట్టిక చూసి, దారి పొడిగా ఉండే సమయానికి కదలండి. సంచుల ఇసుక అక్కడే పోసేయండి, సంచులు లెక్కపెట్టుకోండి, పూడ్చిన ఒక్కటి మర్చిపోయినా అది ఆ తీరంలో చెత్తే. అందరూ వరసగా నిలబడి చోటంతా ఒకసారి నడిచి ప్లాస్టిక్ ముక్కలు, తాడు తునకలు ఏరండి.

గట్టి దారి రాగానే టైర్లకు గాలి నింపండి. సిగ్నల్ తగలగానే, కాగితం ఇచ్చిన మనిషికి ముందు ఫోన్ చేయండి. ఇంటికి చేరిన రోజే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి, టెంట్ జిప్పులు, కర్రల అతుకులు కూడా ఉప్పు పోయేలా కడిగి పూర్తిగా ఆరాకే మడవండి.